జ్వరం బేలు

మిల్లు క్వార్టర్లు

అక్కకి,

నువ్వు పంపిన మాటల కాగితం అందింది. చదివాక ఒళ్ళు మండింది. కాలిపోవడానికి ఇన్ని మాటలా? బ్లేజ్ అంట, ఇన్‌ఫెర్నో అంట, కాన్‌ఫ్లగ్రేషన్ అంట. ఆ చివరిది పూర్తిగా పలికేసరికి ఇల్లు సగం బూడిదవుతుంది. ఫైర్ సర్వీసుకి కావలసింది గొట్టం భుజాన వేసుకుని పరిగెత్తేవాడు. వాడికి ఇంగ్లీషు పేపరెందుకు? మంట ముందు నుంచుని "నువ్వు వీటిల్లో ఏ రకానివి, చెప్పి కాలు" అని అడగాలా?

అయినా చదువుతున్నాను. పత్తిలో గింజ తీసే ఈ జిన్ను ముందు నుంచుని దూది మింగుతూ ముసలాణ్ణి కాలేను. ఎవరూ నేర్పకుండానే ఇంతదాకా చదివాను, ఈ నాలుగు మాటలు రాకపోతాయా.

ఒక్క సుఖం మాత్రం దొరికింది. నీకు తెలుసుగా, మిల్లు లోపల "నిప్పు" అనే మాట ఎవరూ అనకూడదు. పిలిస్తే వస్తుందని వీళ్ళ భయం. పత్తిలో రాయి వచ్చి జిన్నులో రవ్వ లేస్తే "జ్వరం వచ్చింది" అంటారు. ఆ రవ్వ దూదితో పాటు ప్రెస్సులోకి పోయి, అణిగి, గుడ్డా పట్టీలతో బేలుగా కట్టుకుపోతే అది జ్వరం బేలు. దాన్ని యార్డులో ఒంటరిగా పడేసి, రోజూ అరచెయ్యి ఆనించి చూస్తారు, పిల్ల నుదురు చూసినట్టు. నేనేమో జిన్ను పక్కనే నుంచుని గొంతెత్తి "బ్లేజ్! ఇన్‌ఫెర్నో!" అని వల్లె వేస్తున్నా. ఒక్కడూ తిట్టడు. బేళ్ళు పేర్చే పొడుగాయన "ఎవర్రా వాళ్ళు, సర్కసు వాళ్ళా?" అన్నాడు.

బావ సంగతే బాగాలేదు. అన్నం ముందు కూర్చుని అన్నాన్ని చూస్తాడు. షిఫ్టు అయ్యాక ఇంటికి రాడు, గోడౌనులోకి పోతాడు. వచ్చేసరికి చొక్కా నిండా దూదే. ప్రెస్సు మేస్త్రీకి షిఫ్టు అయ్యాక గోడౌనులో ఏం పని? నిన్న మాటల్లో మాటగా అడిగాను, "బావా, యార్డులో జ్వరం బేలొకటి ఉండాలిగా, ఏదీ?" అని. "వానలకి ముందే విప్పి చెత్తలో పోయించాంలే" అన్నాడు, నా మొహం చూడకుండా.

బుడంకాయ బాగుంది. ముందు పన్ను ఊడింది. ఇప్పుడు నన్ను "మామా" అని పిలిచినా ఈల వేసినట్టుంటుంది. అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతుంది. నేను రోజూ రేపే అంటున్నాను. అబద్ధాలాడించకు, తొందరగా రా.

దూది తుమ్ముతూ,
తమ్ముడు


ఆసుపత్రి హాస్టలు

చిరంజీవి కోపిష్ఠి తమ్ముడికి,

నీ ఉత్తరం మా గదిలో పైకి చదివాను. అందరూ పడి పడి నవ్వారు. నువ్విలా పరీక్షలో రాస్తే మాత్రం వాళ్ళే నిన్ను గొట్టంతో కడిగేస్తారు. బుద్ధిగా నేర్చుకో.

బ్లేజ్ అంటే పెద్ద వెలుగుతో మండేది, దూరం నుంచే కనపడేది. ఇన్‌ఫెర్నో అంటే అసలు నరకమని అర్థం. లోపలున్నవాడికి దారి దొరకనంత మంట. కాన్‌ఫ్లగ్రేషన్ అంటే ఒకచోట పుట్టి, గోడ దాటి, సందు దాటి, వీధంతా కలిపి కాల్చేది. హద్దుల్ని ఒప్పుకోదు. హోలోకాస్ట్ అని ఇంకోటుంది. మొత్తంగా కాల్చేసిన బలి అని పాత అర్థమట. తరవాత లక్షలమంది మనుషుల్ని చంపిన ఘోరానికి ఆ పేరు నిలిచిపోయింది. డిక్షనరీ మా హెడ్ నర్సుది. "ఆ మాటని పత్తికీ చెత్తకీ వాడొద్దని చెప్పు మీ తమ్ముడితో" అంది. గుర్తుపెట్టుకో.

ట్రైనింగులో ఇప్పుడు నన్ను కాలినవాళ్ళ వార్డులో వేశారు. దాని గురించి రాయను.

ఒక్క పని చెయ్యి. బుడంకాయ మంచం వెనక గోడకి ఆనుకుని ఉంది కదా. ఆ గోడ అవతల గోడౌనాయె. చెమ్మ దిగుతుంటుంది. పిల్లకి జలుబు పడదు. మంచం ఇవతలికి, వాకిలి దగ్గరికి లాగు. ఇవాళే లాగు. ఊరికే అంటున్నాలే, కంగారు పడకు.

మీ బావని ఏదీ గుచ్చి గుచ్చి అడక్కు. మేస్త్రీ పని, నెత్తిన బరువు. అన్నం తినేదాకా పక్కన కూర్చో, చాలు.

నీ పరీక్ష నాకే వచ్చినట్టుంది,
అక్క


మిల్లు క్వార్టర్లు

అక్కకి,

మంచం లాగాను. చెమ్మ లేదు గిమ్మ లేదు. గోడ ఎండిపోయి సున్నం రాలుతోంది. చెమ్మ అని నీకెవరు చెప్పారు? నువ్విక్కడ ఉన్నప్పుడు కూడా అనలేదే.

బావ వెనకాలే వెళ్ళాను. తిట్టు, ముందే చెబుతున్నా. షిఫ్టు దిగాక, ఇంకా ఎండ ఉండగానే, గోడౌను పక్క తలుపులోంచి దూరాడు. నేనూ దూరాను. బేళ్ళ వరసల మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత సందు. అందులో చొక్కా విప్పి, రొమ్ము ఆనించి, కళ్ళు మూసుకుని నుంచున్నాడు. కాసేపయ్యాక పక్క బేలు. మళ్ళీ పక్కది. ఒక్కోదానికి చెవి పెట్టి వింటున్నాడు కూడా.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాను.

ఎగిరిపడ్డాడు. "ఎలుకలు" అన్నాడు.

"ఎలుకల్ని కావలించుకుని పట్టుకుంటారా?"

"నోరు మూసుకుని ఇంటికి పో. పిల్ల ఒక్కతే ఉంది."

ముందు నేను దొంగతనం అనుకున్నాను. నిజం చెబుతున్నా, మేనేజరుతో చేతులు కలిపి దూది దాటిస్తున్నాడేమో, ఇవాళ వీడి సంగతి తేల్చేద్దాం అనే వెళ్ళాను. కానీ దొంగ అలా నుంచోడు అక్కా. ఆ చలవ చీకట్లో బావ ఒళ్ళంతా చెమట. నేనాయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో నీకు తెలుసు, ఇంత భయపడ్డ మనిషిగా మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ భయం నాకూ అంటుకుంది. దేనికో తెలీకుండానే భయమేస్తోంది. తెలీకుండా భయపడటమంటే నాకు అసహ్యం.

బుడంకాయ వాళ్ళ నాన్న చొక్కా మీంచి దూది ఏరి బొమ్మకి జుట్టు పెడుతోంది.

నీ మాటలు కంఠతా వచ్చాయి. ఇంకో నాలుగు పంపు. బుర్రకి ఏదో ఒక పని ఉండాలి.

తమ్ముడు


ఆసుపత్రి హాస్టలు

తమ్ముడికి,

నిన్ను ఆయన వెనకాల పడమని ఎవరు చెప్పారు? నీ పని జిన్ను, నీ చదువు. గోడౌనులో నీకేం పని? ఇంకోసారి ఇలా చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

అడిగావు కాబట్టి మాటలు. వైల్డ్‌ఫైర్, అడవినీ గడ్డినీ పట్టుకుని అదుపు లేకుండా పోయేది. ఫైర్‌స్టార్మ్, మంట ఎంత పెద్దదవుతుందంటే తన గాలిని తనే పుట్టించుకుంటుంది, చుట్టూ ఉన్న గాలినంతా లోపలికి లాక్కుంటుంది. అప్పుడిక నీళ్ళు పోసినా లాభం ఉండదట. చాలు.

పిన్ని ఉత్తరం రాసింది. బుడంకాయని చూడాలని తెగ ఆరాటపడుతోందట. ఈ వారమే తీసుకెళ్ళి దింపిరా. బడి మానితే మానింది, ఒకటో తరగతి చదువుకి మునిగిపోయేదేముంది. నాలుగు జతల బట్టలు పెట్టు. మీ బావకి నేను చెప్పాను, ఆయన సరేనన్నాడు.

ఈ ఉత్తరాలు ఇంట్లో పారెయ్యకు.

అక్క


పిన్ని ఇల్లు

అక్కకి,

పిన్ని తలుపు తీసి నన్నూ బుడంకాయనీ చూసి ఏమందో చెప్పనా? "ఏం నాయనా, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు?" అంది. నీకు ఉత్తరం రాసి ఏడాది దాటిందంది.

బస్సులో వచ్చేప్పుడే లెక్క సగం కూడింది, పిన్ని మొహం చూసి మిగతాది కూడింది. చెమ్మ లేని గోడ. లాగిన మంచం. పంపించేసిన పిల్ల. ఊరికే బయల్దేరలేదు నేను. నిన్న సాయంత్రం పొడుగాయన్ని పట్టుకుని "ఆ జ్వరం బేలు చెత్తలో పోసిందెవరు?" అని అడిగాను.

"పోయడమేంట్రా? వాన ముంచుకొస్తుంటే మీ బావే లోపలికి తోయించాడు. చెయ్యి పెట్టి చూసి చల్లబడిందన్నాడు. నేనే ఎత్తి పేర్చాను" అన్నాడు.

"ఏ వరసలో?"

"రోజుకి ఎన్ని పేరుస్తాను నేను? అన్నిటికీ ఒకటే గుడ్డ, ఒకటే పట్టీ. నా మొహం, నాకేం గుర్తు!"

అని నవ్వాడు కూడా. నవ్వి, నా మొహం చూసి, ఆపేశాడు.

నీకు తెలుసు. ముందు నుంచీ తెలుసు. నువ్వు పంపిన మాటలన్నీ వెలిగేవి, ఎగిరేవి, ఊళ్ళు తినేవి. పిన్నింట్లో బాబాయి పాత డిక్షనరీ ఒకటుంది. అందులో నేనే వెతికాను. స్మోల్డర్. మంట లేకుండా, లోలోపల, నెమ్మదిగా కాలుతూ ఉండటం. ఈ ఒక్క మాట నువ్వు పంపలేదు. పరీక్షకి రాదనుకున్నావా, నేను కనిపెడతాననుకున్నావా?

మేం రోజూ ఆ గోడ పక్కన పడుకున్నాం. నువ్వు నాకు మంచం లాగమని చెప్పావు, ఎందుకో చెప్పలేదు. నా మంచం లాగమని కూడా చెప్పలేదు. అది గమనించావా?

ఏం చెబుతావో చెప్పు. ఆ తరవాత నేను మేనేజరు దగ్గరికి పోతాను.

తమ్ముడు


ఆసుపత్రి హాస్టలు

తమ్ముడూ,

అవును. తెలుసు.

పోయిన నెల మీ బావ ఇక్కడికి వచ్చాడు. హాస్టలు గేటు దగ్గర నుంచుని, వాచ్‌మన్ చూస్తుండగానే ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు మబ్బు కమ్మిందట. యార్డులో విడిపత్తి తడిసిపోతుంది, చోటు ఖాళీ చెయ్యమని మేనేజరు నెత్తిన నుంచున్నాడట. బేలు మీద చెయ్యి పెడితే చల్లగా ఉందట. లోపలికి తోయించేశాడు. ఆ సాయంత్రమే గుర్తొచ్చిందట, దూది అంటే దుప్పటి కదా, లోపలి వేడిని బయటికి రానివ్వదు కదా అని. రవ్వ వారాల తరబడి లోపలే తింటూ కూర్చుంటుంది. బయటి చర్మానికి తెలిసేసరికి పని అయిపోతుంది. అప్పటికి ఆ బేలు చుట్టూ వందలు పేర్చేశారు.

చెబితే ఏమవుతుందో నీకూ తెలుసు. మేస్త్రీ పని పోతుంది. పనితో పాటే క్వార్టరు. నా ట్రైనింగు మధ్యలో ఆగిపోతుంది. ఆయన నా చేతులు పట్టుకుని, దొరుకుతుంది, నేనే వెతుకుతాను అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

నీ మంచం గురించి రాశావు. నీకు రాస్తే నువ్వు అరుస్తావని భయపడ్డాను. నువ్వు కాలిపోతావని ఎందుకు భయపడలేదో నాకే తెలియడం లేదు.

ఒక్కటే అడుగుతాను. గోడవైపు వరసలు త్వరలోనే లారీలకెక్కుతాయట. ఆ వాన రోజు పేర్చింది ఆ వైపే కాబట్టి అదీ వాటితో పోతుంది. అంతవరకు ఓర్చుకో. పిల్ల పిన్ని దగ్గర ఉంది. నువ్వూ రాత్రులు పొడుగాయన గదిలో పడుకో.

అక్క


మిల్లు క్వార్టర్లు

అక్కకి,

లారీ ఎక్కుతుంది సరే. దిగేదెక్కడ?

ఇంకో గోడౌనులో. దాని గోడ పక్కన ఎవరిదో మంచం ఉంటుంది. వాళ్ళకి లాగుకోమని చెప్పే అక్క ఉండదు.

మన పిల్లని దాటించాం, బాగుంది. పక్కింట్లో కవలలున్నారు. ఎదురింట్లో మంచం దిగలేని ముసలామె ఉంది. పొద్దున వాళ్ళందరూ పంపు దగ్గర బిందెలకోసం కొట్టుకుంటుంటే నాకు నవ్వు రాలేదు, ఎప్పుడూ వచ్చేది. వీళ్ళ వెనక గోడ అవతల ఏముందో వీళ్ళకి తెలీదు, నాకు తెలుసు అనుకుంటూ పళ్ళు తోముకున్నాను.

డిక్షనరీలో ఆర్సన్ అని ఉంది. కావాలని తగలబెట్టడం. బావ కావాలని చెయ్యలేదు. ఒప్పుకుంటాను. కానీ అగ్గిపుల్ల గీయకుండా, లోపల కాలుతోందని తెలిసి, నోరు మూసుకుని అన్నం తిని పడుకోవడానికి మాటేమిటి? మీ హెడ్ నర్సుని అడుగు. నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశాను, లేదు.

రేపు షిఫ్టు మొదలవగానే చెప్పేస్తాను. నీకు ముందే రాస్తున్నాను. వెనకనుంచి పొడవడం నాకు రాదు. బావకి కూడా ఇప్పుడే మొహం మీదే చెప్పాను. ఆయన లేచి నా కంచం కూడా కడిగి పెట్టాడు.

తమ్ముడు


బస్టాండు

అక్కకి,

చెప్పాను. విను ఏం జరిగిందో.

పొద్దున జిన్నులు తిరగడం మొదలవగానే మధ్యలో నుంచుని "గోడౌనులో నిప్పుంది" అని అరిచాను. తెలుగులో. పదమూడు జిన్నులూ ఒక్కసారి ఆగినట్టు అయిపోయారు జనం. ఒకామె చెవులు మూసుకుంది. ఇంకొకడు నన్ను కొట్టడానికే వచ్చాడు, ఆ మాట అన్నందుకు. ఉన్నందుకు కాదు చూడు, అన్నందుకు!

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. అంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. నాకు ఆశ పుట్టింది, వీడు మనిషే అనుకున్నాను. బెల్లు కొట్టి గుమాస్తాని పిలిచి, "ఎన్ని లారీలు దొరికితే అన్ని తెప్పించు. గోడవైపు వరసలన్నీ ఇవాళే ఎక్కాలి" అన్నాడు.

"సార్, విప్పి చూడాలి కదా" అన్నాను.

"చూసి? ఉందని తెలిస్తే ఎవడు కొంటాడు? వెళ్ళేదాకా మన నెత్తిన, వెళ్ళాక వాళ్ళ నెత్తిన. నువ్విక పనిలోకి రానక్కర్లేదు."

ఇదీ సంగతి. నేను నోరు తెరిచింది అది దొరకాలని. వాడు దాన్ని తొందరగా సాగనంపాడు. నేను చెప్పకపోతే ఇంకో వారం ఇక్కడే ఉండేదేమో, బావ రొమ్ముకి తగిలేదేమో. ఆలోచిస్తే పిచ్చెక్కుతోంది.

లారీల దగ్గర బావే నుంచుని ఎక్కించాడు. నేను వెనక తలుపు పట్టుకుని వేలాడాను. "బావా, ఇందులో ఉందేమో! ఒక్కొక్కటీ చూసి ఎక్కించు!" అన్నాను.

"ఉంటే పోనీరా" అన్నాడు. అరవలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు. "పోనీరా, పోతే పోనీ."

డ్రైవర్లలో ఒకడు మంచివాడు. అన్నీ ఒకే స్పిన్నింగు మిల్లుకి పోయాయట. ఊరు చెప్పాడు. నేను అక్కడికే పోతున్నాను. నన్ను ఎవరు నమ్ముతారో తెలీదు. జేబులో నా పరీక్ష కాగితాలున్నాయి, కనీసం కూర్చుని చదువుకుంటాను గేటు దగ్గర, తన్ని తరిమేదాకా. ఉత్తరం రాస్తే ఆ మిల్లు గేటుకే రాయి.

తమ్ముడు


ఆసుపత్రి హాస్టలు

నాన్నా,

గేటుకే రాస్తున్నాను. ఇది నీకు అందాలి.

వార్డు గురించి రాయనన్నాను కదా. ఇప్పుడు రాస్తాను. బట్టలకొట్టు గోడౌనులో పనిచేసే అమ్మాయి ఒకతి వచ్చింది. నీ ఈడే. చేతులకీ మొహానికీ కట్లు. ఎవరొచ్చి అడిగినా ఒకటే చెబుతుంది, "తలుపు తీశానండీ, అంతే." మూసేసిన గదిలో గాలి చాలక మంట నక్కి కూర్చుంటుందట. తలుపు తీస్తే కొత్త గాలి దొరికి మనిషి మీదికి దూకుతుంది. బ్యాక్‌డ్రాఫ్ట్ అంటారని హెడ్ నర్సు చెప్పింది. ఇది పరీక్ష కోసం రాయడం లేదు. నువ్వు అక్కడ ఏ తలుపు దగ్గరికెళ్ళినా ముందు చెయ్యి వెనక్కి తిప్పి తాకి చూడు. వేడిగా ఉంటే తీయకు. ఎదురుగా నుంచోకు. ఎవర్నీ నుంచోనివ్వకు.

ఇన్నాళ్ళూ ఆ అమ్మాయికి కట్లు మారుస్తూనే నీకు ఓర్చుకో అని రాశాను. ఒకే చేత్తో.

నీ ప్రశ్నకి హెడ్ నర్సు దగ్గర కూడా మాట లేదు. ఎవరి గురించని అడిగింది. నా గురించే అన్నాను.

సెలవు పెట్టాను, ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంటికి వెళ్తున్నాను. మీ బావ బుడంకాయని పిన్ని దగ్గర్నుంచి తెచ్చేసుకున్నాడట. పీడ వదిలిందట. పిల్ల లేకపోతే ఇల్లు బావురుమంటోందట. ఆ ఉత్తరంలో ఆయన అక్షరాలు ఎంత సంతోషంగా ఉన్నాయో చూశాక ఇక ఇక్కడ ఉండలేను.

జాగ్రత్త నాన్నా. నువ్వు అరిచి మంచిపని చేశావు.

అక్క


స్పిన్నింగు మిల్లు, గేటు గది

అక్కా,

దొరికింది.

గేటు దగ్గర "మీ గోడౌనులో నిప్పుంది" అంటే వాచ్‌మన్ "పొద్దున్నే ఏం తాగొచ్చావు నాయనా" అన్నాడు. నాలుగు రోజులు అలా గేటు దగ్గరే కూర్చున్నాక నీ ఉత్తరం వచ్చింది. దాన్ని వాడి ముందే చదివాను, తలుపు సంగతి పైకి చదివాను. వాడు నవ్వడం మానేశాడు. వాడి కూతురు ఇక్కడే పై అంతస్తులో దారం తీస్తుందట.

బేళ్ళు విప్పే డిపార్టుమెంటులో ఒక పెద్దావిడ ఉంది, అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడొక్కతే ఎందుకు, ఏమిటి అనలేదు. పై అంతస్తు ఆడవాళ్ళనందర్నీ దింపించింది. తలుపు తాకి చూశాం, చల్లగా ఉంది. కొంచెం కొంచెంగా తీశాం. వరసల్లోకి దూరి నేనూ చొక్కా విప్పాను. బావలాగే. ఎంతసేపు వెతికామో తెలీదు. ఒక బేలు దగ్గర నా పొట్టకి వెచ్చగా తగిలింది. పొయ్యిలా కాదు. మనిషి పడుకుని లేచిన పక్కలా. అంతే. దాని మీంచి చెయ్యి తీయకుండా పెద్దమ్మని కేకేశాను.

మైదానంలోకి దొర్లించి, నీళ్ళ గొట్టం పట్టుకుని, పట్టీలు తెంపారు. తెంపగానే ఉఫ్ మని లేచింది. మనిషి ఎత్తు. వాచ్‌మన్ కనుబొమలు కాలాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆర్పేశాం.

ఇక్కడిదాకా అయితే ఈ ఉత్తరం గంతులేస్తూ రాసేవాణ్ణి. ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

బేలు మొత్తం కాలలేదు. ఒక కొస మాత్రమే నల్లబడింది, పై కొస. ప్రెస్సు పెట్టెలో ఆఖరున పడే దూది అది. పెద్దమ్మ దాన్ని కాలితో తిప్పి చూసి "దీని వెనకది ఏదయ్యా?" అంది. నాకర్థం కాలేదు. "పెట్టె నిండబోతుండగా రవ్వ వచ్చింది. ఆ వచ్చిన దూదిలో సగమే ఇందులో పట్టి ఉంటుంది. మిగతా సగం తరవాతి బేలులో పడి ఉంటుంది. మీ వాళ్ళు రెండూ బయట పెట్టారా, ఒకటేనా?"

యార్డులో నేను చూసింది ఒకటే అక్కా.

ఇక్కడికి వచ్చిన బేళ్ళన్నీ చూశాం. వేడిగా ఇంకోటి లేదు. గోడవైపు వరసలు మాత్రమే వచ్చాయి ఇక్కడికి. మిగతా గోడౌనంతా మన దగ్గరే ఉంది.

మన మిల్లు ఆఫీసుకి ఫోన్ చేశాను. మేనేజరు నా గొంతు వినగానే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది. ఇక్కడి ఫైర్ స్టేషన్ వాళ్ళు మీ వైపు స్టేషన్‌కి చెబుతామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. ఆ మంచి డ్రైవరు ఖాళీ లారీతో వెనక్కి వస్తున్నాడు, వాడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మధ్యాహ్నానికల్లా నీ చేతిలో పెట్టకపోతే ఊరుకోనన్నాను. నేను ఇక్కడి వాళ్ళకి సంతకాలు పెట్టి వెనకాల బస్సులో వస్తాను.

బావని అడుగు. ఆ రోజు వెనక బేలు ఏం చేశాడో అడుగు. కోప్పడకు, ఏడవకు, ఏదీ వద్దు, అది మాత్రం అడుగు. సమాధానం వినకముందే పిల్లని ఎత్తుకో.

తమ్ముడు


మిల్లు ఎదుటి రోడ్డు

తమ్ముడూ,

డ్రైవరు చెప్పిన టైముకే తెచ్చాడు. నువ్వు బస్సు దిగేసరికి మేం ఏ అవతారంలో ఉంటామో తెలీదు కాబట్టి రాసి వాడికే ఇస్తున్నాను. స్టాండులో నిన్ను పట్టుకుంటానన్నాడు.

మీ బావ నిద్రపోతున్నాడు. ఇన్నాళ్ళకి నిద్రపోతున్నాడు. లేపాను. పిల్లని చంకనెత్తుకుని అడిగాను, "ఆ రోజు వెనక బేలు బయట పెట్టారా?" అని.

ముందు అర్థం కానట్టు చూశాడు. తరవాత అర్థమైంది. అది ఆయన మొహంలోకి ఎక్కడం నేను చూశాను. "యార్డులో చోటు లేదు" అన్నాడు. "దానికేం కాలేదనుకున్నాం."

"ఎక్కడుంది?"

"మధ్యలో. ఎక్కడో మధ్యలో."

నేను ఇంకేం వినలేదు. ప్రతి తలుపూ కొట్టాను. పక్కింటామె కవలలిద్దర్నీ రెండు చంకల్లో వేసుకుని పరిగెత్తింది. ఎదురింటి ముసలామెని మంచంతో సహా మోసుకొచ్చారు. ఆవిడ దారంతా మమ్మల్ని తిడుతూనే ఉంది, ఎండలో పడేశారని. మేనేజరు వచ్చి "ఎవరమ్మా నువ్వు, ఎవరి పర్మిషను?" అన్నాడు. నేను తరవాతి తలుపు కొడుతూనే ఉన్నాను. పొడుగాయన మాట్లాడాడు. ఏమన్నాడో రాయలేను గానీ మేనేజరు మూల నుంచున్నాడు.

ఇప్పుడు గోడౌను రెండు తలుపులూ కొంచెం కొంచెంగా తీసి మగవాళ్ళు బేళ్ళు బయటికి దొర్లిస్తున్నారు. నువ్వు రాసినట్టే, నేను చెప్పినట్టే, ఎవరూ ఎదురుగా నుంచోవడం లేదు. ముందు లోపలికి వెళ్ళింది మీ బావ. నేను ఆపలేదు. ఆయన నన్ను చూసి వెళ్ళాడు. ఒక్కో బేలుకి రొమ్ము ఆనించి, ఇది కాదు అంటే మిగతావాళ్ళు లాగుతున్నారు. ఆయన గొంతు బయటికి వినపడుతోంది. "ఇది కాదు. ఇది కాదు." మధ్య మధ్య వినపడనప్పుడు రాయడం ఆపి తలుపు వైపు చూస్తున్నాను.

ఫైరింజను ఇంకా రాలేదు. పొగ లేదు. వాసన కూడా లేదు. చూడ్డానికి మామూలు మధ్యాహ్నంలాగే ఉంది.

బుడంకాయ నా ఒళ్ళో కూర్చుని బయటికొచ్చే బేళ్ళని లెక్కపెడుతోంది. దానికి వంద దాకానే వచ్చు. వంద కాగానే మళ్ళీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెడుతోంది.

అక్క